సెవెట్టి సూసేవా?

మా వదిన మొదటిసారి చనిపోయింది ఒక మంగళవారం, మధ్యాహ్నం రెండు గంటలకు. కంపెనీ భోంపు, అదే షిఫ్టు సైరను, అప్పుడే కూసి ఆగింది. అది ఆగిన తరువాతే గవరమ్మత్త ఏడుపు మొదలుపెట్టింది కాబట్టి నాకు ఆ వేళ బాగా గుర్తు. గవరమ్మత్త పద్ధతి తెలిసిన మనిషి. భోంపుతో పోటీ పడి ఏడవదు.

రెండోసారి చనిపోయింది చాలా ఏళ్ళ తరువాత. అది చివర రాస్తాను.

మొన్న మా మనవరాలు నన్ను ఆస్పత్రికి తీసుకువెళ్ళింది. నర్సు పిల్ల నా ఎడమ చేతికి బీపీ పట్టా చుట్టి, గాలి కొట్టి, చూసి, విప్పేసింది. నేను కుడి చెయ్యి చాచాను.

"హో గయా, దాదీ" అంది.

"అవలేదు. ఈ చెయ్యి కూడా సూడు" అన్నాను.

మనవరాలు నవ్వి, మా నాన్నమ్మకి అదొక అలవాటని ఆ పిల్లకు హిందీలో చెప్పింది. అది అలవాటు కాదు. అది మా వదిన. ఇంటికి వచ్చి కాగితం ముందేసుకున్నాను. నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి, మనవలు దిద్దుతుంటే పక్కన కూర్చుని దిద్దాను. అందుకని చుట్టూ తిప్పి రాయడం చేతకాదు. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

ఆమె నా భర్తకు అక్క. ఆమెకు మంచి పేరే ఉంది, కానీ నేను ఎన్నడూ ఆ పేరు పలకలేదు. పలకని పేరు రాయడానికి చెయ్యి రాదు. మిగతావాళ్ళ పేర్లు రాస్తాను. ఎవరికైనా అభ్యంతరముంటే వచ్చి అడగొచ్చు. నిజానికి టాటానగర్‌లో మా సీతారాండేరా బస్తీలో ఎవరికీ ఆమె అసలు పేరు తెలియదు. నేను "వదినా, వదినా" అని పిలవడం విని, ఇడ్లీ తినడానికి వచ్చే బీహారు వాళ్ళు, సర్దార్లు అదే ఆమె పేరనుకున్నారు. "వదినాజీ, ఔర్ దో ఇడ్లీ" అనేవాళ్ళు. ఆమె దిద్దలేదు. "ఊరందరికీ వదిననైతే మంచిదే కదే, ఒక్కడూ కన్నెత్తి సూడడు" అనేది.

ఇంటి ముందు అరుగు మీద బొగ్గుల పొయ్యి, దాని మీద ఇడ్లీ గిన్నె, పక్కన గోడకు ఆనించి చిన్న పీట. అదే ఆమె కొట్టు. పొద్దున్న షిఫ్టుకు వెళ్ళేవాళ్ళు నిలబడి తినబోతే ఒప్పుకునేది కాదు. "బైటో! బైటో! నిలబడి తింటే కాళ్ళలోకి పోతాది, పేట్‌లోకి నహీ జాతా" అని కేకలు వేసేది. తెలుగు, హిందీ కలిపి అలా రుబ్బేది. వీధి చివర కిరాణా కొట్టు గుప్తాకు "పావుకిలో" అని పేరు పెట్టింది. ఎంత అడిగినా ఒక గింజ తక్కువే తూస్తాడని. అతనికి ఆ మాట అర్థం తెలిసే సరికి పేరు బస్తీ అంతా పాకిపోయింది.

ఆమె కదలికల్లో అందరికీ గుర్తుండేది ఒకటి. ఎడమ చెయ్యి విదిలించడం. నీళ్ళలో ముంచి తీసిన చేతిని విదిలిస్తామే, అలా. రోలు దగ్గర కూర్చుని కాసేపు రుబ్బేది, పొత్రం ఆపేది, చెయ్యి విదిలించేది, కుడి చేత్తో రుబ్బేది, అది కూడా నొప్పెట్టేది, మళ్ళీ ఆగేది.

"ఏటయింది వదినా?"

"సెయ్యి నిద్రోనాదే పైడీ. దీనికి నాకంటే ముందే రాత్రవతంది."

ముప్పై కూడా నిండని మనిషి. సాయంత్రమయ్యే సరికి ఒళ్ళు వెచ్చబడేది. చిక్కిపోయింది. గాజులు మోచేతి దాకా జారేవి. ఒకరు రక్తం లేదన్నారు, ఒకరు గాలి సోకిందన్నారు. జబ్బకు తాయెత్తు కట్టారు. అది బిగుతై చెయ్యి తిమ్మిరెక్కుతోందేమోనని మళ్ళీ విప్పారు. ఒక ప్రైవేటు డాక్టరు ఎడమ చేతికి పట్టా చుట్టి, గాలి కొట్టి, చెవిలో గొట్టం పెట్టుకుని విని, మిషను పాడైపోయిందని పక్కన పెట్టి, టానిక్కు రాసిచ్చాడు. ఆ మిషను తప్పేమీ లేదు. అది నిజమే చెప్పింది.

ఇక ఆ మంగళవారం.

భోంపుకు కాస్త ముందు వదిన పెరట్లో తీగ మీద తడి చీర ఆరేస్తోంది. తల పైకెత్తి, రెండు చేతులూ పైకి లేపి అంచు సర్దుతోంది. నేను వాకిట్లో చేటతో బియ్యం చెరుగుతున్నాను. ఉన్నట్టుండి చీరతో సహా నేల మీద కూలిపోయింది. నేను అరిచాను. పక్కింటి రవణమ్మ వచ్చింది. ఇద్దరం కలిసి లోపలికి మోసుకొచ్చి చాప మీద పడుకోబెట్టాం. నీళ్ళు చల్లాం. కదల్లేదు. పెదవులు తెల్లబడ్డాయి.

రవణమ్మ పరుగెత్తి గవరమ్మత్తను తీసుకొచ్చింది.

గవరమ్మత్త గురించి చెప్పాలి. శ్రీకాకుళం వైపు నుంచి ఈ ఊరికి వచ్చిన మా వాళ్ళలో అందరికంటే ముందు వచ్చిన మనిషి. బస్తీలో ఎవరు చావుబతుకుల్లో ఉన్నా ఆమెను పిలిచేవాళ్ళు. ఆమె వచ్చి, కొంగు దోపుకుని, మణికట్టు పట్టుకుని, కళ్ళు మూసుకునేది. ఆమె ఆ చెయ్యిని వదలకుండా ఉన్నంతసేపు ఇంట్లో ఆశ. ఆమె ఆ చెయ్యిని మెల్లగా రొమ్ము మీద పెట్టిందంటే, అయిపోయిందని. ఆ తరువాత డాక్టరు వచ్చి చెప్పినా చెప్పకపోయినా ఒకటే. మా బస్తీలో చావుకు ఆమె మాటే ముద్ర.

గవరమ్మత్త వదిన ఎడమ చెయ్యి పట్టుకుంది. కళ్ళు మూసుకుంది. తరువాత కుడి చెయ్యి పట్టుకుంది. మళ్ళీ ఎడమ. రెండు చేతులనూ తెచ్చి రొమ్ము మీద పెట్టింది. "నాడి నేదు. అయిపోనాది" అంది. అప్పుడే భోంపు కూసింది. ఆగింది. ఆమె ఏడుపు అందుకుంది, వెనకే మేమందరం.

చావు ఇంట్లో చేయవలసినవన్నీ చకచకా మొదలయ్యాయి. చాప తిప్పి తల దక్షిణం వైపు పెట్టారు. తల దగ్గర దీపం పెట్టారు. చావు ఇంట్లో పొయ్యి వెలగకూడదు కాబట్టి రవణమ్మ వెళ్ళి పొయ్యిలో నీళ్ళు పోసి ఆర్పేసింది. దాని మీద అన్నం ఉడుకుతోంది. గుప్తా కొట్టు వదిలేసి వచ్చి గుమ్మం దగ్గర నిలబడి "రామ్ నామ్ సత్య హై" అన్నాడు.

మా అన్నయ్య, అంటే వదిన భర్త, కంపెనీలో గ్యాసు లైను ఫిట్టరు. ఆ వారం పొద్దుటి షిఫ్టు. రెండింటికి గేటు బయటికి వచ్చి, సైకిలెక్కి, ఎప్పటిలాగే ఇంటికి వస్తున్నాడు. అతనికి ఎవరూ చెప్పలేదు. వాకిట్లో జనాన్ని చూశాడు. సైకిలు స్టాండు కూడా వేయలేదు, అది వీధిలో పడిపోయి చక్రం తిరుగుతూనే ఉంది. లోపలికి వచ్చి ఆమె మీద పడ్డాడు. మొహం ఆమె రొమ్ముకేసి ఆనించి బావురుమన్నాడు.

కొంచెంసేపటికి ఏడుపు ఆపేశాడు. ఉన్నట్టుండి.

"కొట్టుకుంతంది" అన్నాడు.

"ఏటి?" అంది గవరమ్మత్త.

"గుండె కొట్టుకుంతంది!"

"అది నీ గుండేరా నాయినా. మీద పడినోడికి తనదే ఇనబడతాది. నాను రెండు సేతులూ సూసేను. నేదు."

"నోర్ముయ్యండి అందరూ!"

అన్నయ్య ఎవరి మీదా గొంతెత్తి ఎరగడు. అతను నా చెయ్యి పట్టి లాగి, నా తల వంచి, నా చెవిని ఆమె రొమ్ము మీద పెట్టాడు. నేను విన్నాను. గట్టిగా, కోపంగా, తలుపు బాదుతున్నట్టు.

అప్పుడు వదిన కళ్ళు తెరిచింది. మా మొహాలు చూసింది. తల దగ్గర దీపం చూసింది. పొగ వాసన పీల్చింది. నాలుక మడతపడుతుంటే మెల్లగా అడిగింది.

"పొయ్యి ఎవులే ఆర్పీసేరు?"

నేల మీద పడినప్పటి నుంచి అన్నయ్య సైకిలు గేటు నుంచి ఇంటికి వచ్చేదాకా, అంతసేపు మా వదిన చచ్చిపోయి ఉంది. తరువాత ఆమె ఆ సంగతి నవ్వుతూ చెప్పేది. మా మాటలన్నీ వినిపిస్తూనే ఉన్నాయట, కానీ కన్ను తెరిచే బలం లేదట. "రవణమ్మ ఏమందో ఇన్నాను. 'అయ్యో, ఆ ఇడ్లీ రేకులు ఇప్పుడెవులికి?' అంది. నా రేకులే దొరికేయా నీకు?" అని రవణమ్మను బతికినన్నాళ్ళూ వదల్లేదు. రవణమ్మ కూడా, "మరి అలాటి రేకులు ఈ ఊర్లో దొరకవు కదే" అని ఒప్పుకునేది.

ఆ సాయంత్రమే రిక్షాలో పెద్దాస్పత్రికి తీసుకువెళ్ళాం. అక్కడ ఒక బెంగాలీ డాక్టరమ్మ ఉండేది. పొట్టి మనిషి, కళ్ళజోడు, వేగంగా నడిచేది. ఎడమ చేతికి పట్టా చుట్టింది. ఏమీ లేదు. కుడి చేతికి చుట్టింది. దాదాపు ఏమీ లేదు. మిషను పాడైందని మాత్రం అనలేదు. వెడల్పు పట్టా ఒకటి తెప్పించి వదిన తొడకు చుట్టి, మోకాలి వెనక గొట్టం పెట్టి విన్నది. ఆమె మొహం మారిపోయింది. మళ్ళీ కొట్టి చూసింది. చేతుల్లో అసలు లేని రక్తపోటు, కాలిలో ఉండకూడనంత ఉంది.

తరువాత మెడ మీద, భుజం ఎముక పైన గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. నేను అక్కడే నిలబడి ఆమె మొహమే చూస్తున్నానని కాబోలు, ఆ గొట్టాలు నా చెవుల్లో పెట్టింది. ఇరుకు సందులోంచి గాలి దూరుతున్నట్టు, హుష్, హుష్ అని చప్పుడు.

కలకత్తా వెళ్ళాలంది. అక్కడ నాళాల్లోకి రంగు మందు ఎక్కించి ఫొటోలు తీస్తారట. అన్నయ్య, వదిన, నేను టాటానగర్‌లో రైలెక్కాం. మా ఆయనది రైల్వేలో పని కాబట్టి సీట్లు చూసి ఎక్కించాడు. గజ్జల దగ్గర నుంచి గొట్టం పెట్టి మందు పంపినప్పుడు ఎలా ఉందని అడిగితే, "బజ్జీని నూనెలో ఏసినట్టు ఉందే" అంది. తరువాత రోజు పెద్ద డాక్టరు వెనక డాక్టరు చదివే పిల్లలు గుంపుగా వచ్చారు. ఒక్కొక్కరూ వచ్చి ఆమె మణికట్టు పట్టుకుని, వేలు అటూ ఇటూ జరిపి, తెల్లమొహం వేసేవాళ్ళు. వదిన ఓపిగ్గా చెయ్యి ఇచ్చేది.

"దొరికిందేటి బాబూ? దొరికితే నాకూ సెప్పు. నానూ దానికోసమే ఎతుకుతన్నాను."

ఆ పిల్లలకు తెలుగు రాదు, అయినా నవ్వారు.

జబ్బు పేరు చెప్పారు. నాకు నోరు తిరగలేదు. జపాను దేశంలో ఒక కంటి డాక్టరు మొదట పసిగట్టిన జబ్బట, వయసులో ఉన్న ఆడవాళ్ళకే ఎక్కువగా వస్తుందట, చాలా అరుదట. నాడి లేని జబ్బు అని మామూలు పేరు కూడా ఉందట. ఊరికి తిరిగి వచ్చాక డాక్టరమ్మ కూర్చోబెట్టి వివరంగా చెప్పింది. రోగాలతో పోరాడవలసిన ఒంటి బలమే దారి తప్పి, సొంత రక్తనాళాల మీద పడుతోందట. గుండె నుంచి బయలుదేరే పెద్ద నాళాల గోడలు వాచిపోయి, లోపల దారి ఇరుకైపోయిందట. చేతుల దాకా రక్తం సరిగా చేరదు. రుబ్బితే అందుకే నొప్పి. తల పైకెత్తి చేతులు లేపితే మెదడుకు కూడా చాలదు. అందుకే పడిపోయింది.

నాకు సగం అర్థమైంది. అన్నయ్యకు మొత్తం అర్థమైంది. దారిలో రిక్షా పక్కన సైకిలు నడిపించుకుంటూ మాకు చెప్పాడు.

"లైను లోపల పేరుకుపోనాది. సివర ప్రెషరు గేజి సున్నా సూపిత్తాది. లోపల మెయిన్లో ప్రెషరు పగిలిపోయేలా ఉంతాది. గేజి సూసి లైను కాళీ అనుకుని వాల్వు ఇప్పినోడే సచ్చేది."

"అయితే నాను పైపునా?" అంది వదిన రిక్షాలోంచి.

"పాత పైపువి. మారిసే ఈలు నేదు."

ఆమె నవ్వింది. అతను నవ్వలేదు.

చిన్న తెల్ల మాత్రలు ఇచ్చారు. వాపు తగ్గించేవి. పొద్దున్నే తిన్నాక వేసుకోవాలి, ఒక్క రోజు కూడా తప్పకూడదు, తగ్గించాలన్నా ఆస్పత్రి వాళ్ళే కొంచెం కొంచెంగా తగ్గించాలి. రక్తపోటుకు వేరే మాత్రలు. తెల్ల మాత్రలు వేసుకున్న కొద్దిరోజులకు జ్వరం పోయింది, చేతి నొప్పి తగ్గింది. ఆకలికి మాత్రం పట్టపగ్గాల్లేవు. మొహం పూర్ణంబూరెలా గుండ్రంగా ఉబ్బింది.

"వదినా, ఒళ్ళు సేసేవే! ఏటి తింతన్నావు?" అంది రవణమ్మ.

"మాత్రలు. నీకూ ఒకటెయ్యనా?"

గవరమ్మత్త మాత్రం ఆ మంగళవారం తరువాత మా వీధిలోకి రావడం మానేసింది. ఎక్కడికి వెళ్ళాలన్నా వెనక సందులోంచి తిరిగి వెళ్ళేది. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. పిలవడానికి వచ్చినవాళ్ళను వెనక్కి పంపేసింది. కొన్నాళ్ళు చూసి, వదిన ఒక ఉదయం గిన్నెలో ఇడ్లీలు పెట్టుకుని, నన్ను తోడు తీసుకుని ఆమె ఇంటికి వెళ్ళింది.

"అత్తా, నీ మీద నాకు కోపం నేదు. సెయ్యి సూసేవు, సేతిలో నేదు. ఉన్నదే సెప్పేవు."

గవరమ్మత్త గోడ వైపు తిరిగే మాట్లాడింది. "ఉన్న మడిసిని నేదన్నానే అమ్మా."

"అయితే రోజూ రా. ఉన్నానో నేదో నువ్వే సూసి సెప్పు. నీ మాటైతేనే బస్తీ నమ్ముతాది. నాను బతికే ఉన్నానని నాను సెప్పుకుంటే ఎవులు ఇంతారు?"

ఆ మర్నాటి నుంచి గవరమ్మత్త రావడం మొదలుపెట్టింది. పొయ్యి పక్కన పీట వేసుకుని కూర్చునేది. వదిన కుడి చేత్తో ఇడ్లీ తీస్తూ ఎడమ చెయ్యి ఇచ్చేది, తరువాత చేతులు మార్చేది. గవరమ్మత్త కళ్ళు మూసుకునేది. తినేవాళ్ళు కూడా నమలడం ఆపేవాళ్ళు.

"నేదు."

"సరే. అయితే ఇడ్లీ తిను."

అది రోజూ జరిగే తంతు అయిపోయింది. బస్సు కోసం మాంగో బస్టాండు వైపు వెళ్ళేవాళ్ళు కూడా ఆ మాట విన్నాకే కదిలేవాళ్ళు. వదిన అప్పటికే ఆ మంగళవారాన్ని ఒక ఆట చేసేసింది. ఎవరైనా ఏదైనా అయిపోయిందన్నా, పోయిందన్నా, ఆమె దగ్గర ఒకటే మాట. "సెవెట్టి సూసేవా?" రేడియో పాడైపోయిందంటే, "సెవెట్టి సూసేవా?" ఓవర్‌టైము ఎత్తేశారని అన్నయ్య వచ్చి చెబితే, "సెవెట్టి సూసేవా?" గుప్తా పంచదార లేదంటే అతనికీ అదే ప్రశ్న. అతను బస్తా మీద చెవి పెట్టి, "హై, హై, థోడా బాకీ హై" అని తీసి ఇచ్చేవాడు.

చలికాలం ఒక ఉదయం గవరమ్మత్త వదిన కుడి చెయ్యి పట్టుకుంది. మామూలు కంటే ఎక్కువసేపు పట్టుకుంది. వదిన ఏదో అనబోయింది.

"ఉండవే. మాటాడకు."

గవరమ్మత్త వేళ్ళు కొంచెం పక్కకు జరిపింది. మళ్ళీ సర్ది పట్టుకుంది. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి గానీ తుడుచుకోవడానికి చెయ్యి వదల్లేదు.

"ఉందే. సన్నంగా ఉంది. సీమ నడిసినట్టు ఉంది."

ఆ రోజు బస్తీ అంతా వచ్చి మా వదిన కుడి మణికట్టు పట్టుకుని చూసింది. గుప్తా పటికబెల్లం తెచ్చి అందరికీ పంచాడు, పంచేటప్పుడు తూకం వేయలేదు. నేనూ పట్టుకున్నాను. నిజంగానే ఉంది. గాజుల కింద, చర్మం కింద, ఎవరో లోపలి నుంచి మెల్లగా తలుపు తడుతున్నట్టు.

మా వాళ్ళు తప్ప ఇంకెవరూ చేయని పొరపాటు అక్కడే జరిగింది. మాకు నాడి అంటే ప్రాణం. నాడి పోయిందంటే ప్రాణం పోయింది, నాడి వచ్చిందంటే ప్రాణం వచ్చింది. నాడి వచ్చాక రోగమెక్కడిది? గవరమ్మత్తే స్వయంగా ఉందని చెప్పాక మాత్రలెందుకు? ఎలాగూ ఆ మాత్రల వల్లే మొహం ఉబ్బింది, పెదవి మీద నూగు వచ్చింది. వదిన మాత్రల సీసాను దేవుడి పటం వెనక పెట్టేసింది.

అన్నయ్య ఒక్కడే పోట్లాడాడు. "గేజి కదిలింది. లైను బాగయిపోనాదని ఎవులు సెప్పేరు?"

"గవరమ్మత్త సెప్పింది."

"గవరమ్మత్త గేజే సూసింది!"

"మంగళారం కూడా ఇలాగే అరిసేవు" అంది వదిన.

"మంగళారం నాను అరవబట్టే నువ్వున్నావు!"

ఆమె మాట వినలేదు. గవరమ్మత్త చెప్పింది అబద్ధం కాదు. నాడి నిజంగానే వచ్చింది. ఆమె చెప్పినదాని కంటే ఎక్కువ మేము విన్నాం, అంతే.

ఎన్నో రోజులు పట్టలేదు. వాంతులు మొదలయ్యాయి. లేచి నిలబడలేకపోయింది. ఒక పొద్దున్న ఇడ్లీ గిన్నె మూత తీస్తూ, "పైడీ, ఆవిరి ఒక్క కంటికే కనబడతందే" అంది. ఎడమ కంటికి తెర పడిపోయింది.

డాక్టరమ్మ మా అందరినీ తిట్టింది. చికిత్స మళ్ళీ మొదటి నుంచి మొదలైంది. వదిన కాస్త కుదుటపడ్డాక డాక్టరమ్మ, ఎవరు నాడి చూసి చెప్పారని అడిగి, గవరమ్మత్తను పిలిపించింది. ఇంకేముంది, నాలుగు వడ్డిస్తుందనుకున్నాం. గవరమ్మత్త కూడా అందుకే సిద్ధపడి తల వంచుకుని వచ్చింది. డాక్టరమ్మ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టింది. నాడి రావడం మందు పని చేస్తోందన్న గుర్తే గానీ పని అయిపోయిందన్న గుర్తు కాదని చెప్పింది. తరువాత అంది, "అమ్మా, వీళ్ళు నా మాట వినరు, మీ మాట వింటారు. రేపటి నుంచి చెయ్యి చూడొద్దు. ఆమె మాత్ర మింగిందో లేదో చూడండి." నేను హిందీలోంచి తెలుగులోకి చెప్పాను.

మర్నాటి నుంచి తంతు మారిపోయింది. గవరమ్మత్త పీట అదే, చోటు అదే.

"ఎయ్యి."

వదిన మాత్ర నోట్లో వేసుకుని నీళ్ళు తాగేది.

"నోరు తెరు. నాలిక ఎత్తు. ఊఁ."

అప్పుడు ఇడ్లీ తినేది. ఎండయినా వానయినా, తనకు ఒంట్లో బాగున్నా లేకపోయినా, గవరమ్మత్త అది మానలేదు. సర్దార్ డ్రైవర్లు కూడా ఆ సమయానికి "నోరు తెరు" అని తెలుగులో అరిచేవాళ్ళు. ఎడమ కంటి చూపు తిరిగి రాలేదు. కుడి చేతి నాడి కూడా మళ్ళీ ఎవరికీ దొరకలేదు. అయినా ఆమె ఏళ్ళ తరబడి బతికింది. పొత్రం మాత్రం మళ్ళీ పట్టుకోనివ్వలేదు, అన్నయ్య మోటారు గ్రైండరు తెచ్చాడు. అది తిరుగుతుంటే పక్కన కూర్చుని దాన్ని కూడా విసుక్కునేది. "ఇంత సప్పుడు సేత్తంది, పని సూత్తే బరక."

ఆస్పత్రి నుంచి రెండోసారి ఇంటికి వచ్చిన కొత్తల్లో ఒక మాట అంది నాతో. తల దువ్వుతున్నాను. తన చేతులు పైకి లేపకూడదు కాబట్టి జడ నేనే వేసేదాన్ని.

"ఒలే పైడీ. నాకు సావంటే భయం నేదే. ఆ మంగళారం లాగ పడుంటానేమోనని భయం. మీరందరూ ఏడుత్తంటారు, నాను ఇంటూ ఉంతాను, కన్ను తెరవనేను. అలగే అవతల కట్టెల మీద ఎట్టీసేరనుకో?"

దువ్వెన ఆగిపోయింది. ఆమె వెనక్కి తిరగకుండానే, లేపకూడని ఆ చెయ్యే చాచి, తడుముకుని, నా చెవి పట్టుకుని గట్టిగా లాగింది.

"ఈ సెవి నాది. బాగా ఉంచు."

ఉంచాను.

రెండోసారి ఒక గురువారం, ఉదయం ఎనిమిది గంటలకు. వాన పడుతోంది. షిఫ్టు వాళ్ళు తిని వెళ్ళిపోయారు. మా ఆయనకు ఆ రోజు సెలవు, అరుగు మీద కూర్చుని ఇడ్లీ తింటున్నాడు. గుప్తా పెరుగు గిన్నె తిరిగి ఇవ్వడానికి వచ్చాడు. గవరమ్మత్త అప్పటికి బాగా ముసలిదైపోయింది, రవణమ్మ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేది. వదిన మాత్ర వేసుకుంది, నోరు తెరిచింది, నాలుక ఎత్తింది. గవరమ్మత్త "ఊఁ" అంది. వదిన గోడకు చేరగిలబడి, "అలిసిపోనాను కాసింత" అంది. అంతే. ఇన్నేళ్ళు ఇరుకు దారుల్లోంచి తోసి తోసి ఆమె గుండె అలసిపోయిందని డాక్టరమ్మ ముందే చెప్పి ఉంది.

లోపలికి తెచ్చి పడుకోబెట్టాం. అందరం గవరమ్మత్త వైపు చూశాం. ఆమె మణికట్టు ముట్టుకోలేదు. రవణమ్మ సాయంతో మోకాళ్ళ మీద కూర్చుని, వంగి, తెల్లటి తలను వదిన రొమ్ము మీద పెట్టింది. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. చాలాసేపటికి తల ఎత్తింది. చెప్పడానికి ధైర్యం చాలలేదు.

"నాను ముసిల్దాన్ని. సెవులు సరిగ్గా ఇనబడవు. మీరు సూడండి. అందరూ."

ఒకరి తరువాత ఒకరం చెవి పెట్టాం. గుప్తా పరాయి మగవాడినని వెనక్కి తగ్గాడు. "నువ్వూ ఎట్టరా పావుకిలో" అంది గవరమ్మత్త. అతను తలకు రుమాలు కట్టుకుని, కళ్ళు మూసుకుని, వంగి విన్నాడు. అయిపోయిందని ఎవరం అనలేదు. ఎవరం ఏడవలేదు. దీపం పెట్టలేదు. చాప తిప్పలేదు. బయట పొయ్యి వెలుగుతూనే ఉంది, దాని మీద ఇడ్లీ గిన్నె ఆవిరి కక్కుతూనే ఉంది. గిన్నెలో నీళ్ళు ఇంకిపోతుంటే రవణమ్మ వెళ్ళి మళ్ళీ పోసి వచ్చింది.

మా ఆయన కంపెనీ గేటుకు వెళ్ళి కబురు లోపలికి పంపించాడు. అన్నయ్య వానలో సైకిలు మీద వచ్చాడు. ఈసారి స్టాండు వేశాడు. అరుగు మీద వెలుగుతున్న పొయ్యిని చూసి ఒక్క క్షణం ఆగాడు. అతని మొహంలో ఆశ కనిపించింది, అది చూడలేక నేను తల దించుకున్నాను. లోపలికి వచ్చి, తడి బట్టలతోనే కూర్చుని, చెవి పెట్టాడు. ఇటు చెవి, తరువాత అటు చెవి. చాలాసేపు అలాగే ఉన్నాడు. తరువాత లేచి ఆమె మొహం మీద పడిన నీటి చుక్కలు, తన తలలోంచి కారినవి, అరచేత్తో తుడిచాడు.

"పొయ్యి ఆర్పియ్యండి" అన్నాడు.

ఆ రోజు అక్కడ ఉండి చెవి పెట్టి విన్నవాళ్ళు గవరమ్మత్త, పక్కింటి రవణమ్మ, కిరాణా కొట్టు గుప్తా, ఆమె తమ్ముడు, అంటే మా ఆయన, సింహాచలం, చివరగా వచ్చిన అన్నయ్య అప్పలరాజు, ఆమె తనదని చెప్పిన చెవితో నేను, పైడమ్మ.